‘మంచిగనే ఉన్న అయ్యగారూ’

కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ప్రాంతపు సంఘాల్లో ఆదివారం ఆరాధన ముగిసే ముందు ప్రార్థన విన్నపాలు చెప్పమంటే మొదట లేచేది పెద్దవయసు అవ్వలే. మోకాళ్ల నొప్పులు, షుగరు, కంటి ఆపరేషను, దుబాయిలో కొడుక్కి కంపెనీ జీతం ఇవ్వడం లేదని, మస్కట్ పోయిన అల్లుడి నుంచి ఫోను రావడం లేదని, మనవరాలికి సంబంధం కుదరాలని ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. ఇన్ని విన్నపాల్లో ఒకటి మాత్రం వినిపించదు. "నిన్న రాత్రి నా కొడుకు నా మీద చెయ్యి లేపిండు, నా కోసం ప్రార్థన చెయ్యిండ్రి" అని ఏ అవ్వా నిలబడి అడగదు. "పింఛను పైసలు రాంగనే గుంజుకున్నరు" అని ఏ తాతా చెప్పడు. ఎట్లున్నవమ్మా అని కాపరి అడిగితే వచ్చే జవాబు ఒకటే. "మంచిగనే ఉన్న అయ్యగారూ, దేవుడు చల్లగ జూస్తున్నడు."

ఈ వారం ఆ జవాబు గురించే ఆలోచిద్దాం. అది చాలాసార్లు నిజమే కావచ్చు. నిజం కానప్పుడు మాత్రం ఆ మాట వెనుక ఏం దాగి ఉందో తెలుసుకోవలసిన బాధ్యత సంఘానిదే.

వృద్ధులపై వేధింపు అంటే కొట్టడం ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క వేరు. నమ్ముకున్నవారే కొట్టినా, తిట్టి మనసు విరిచినా, సొమ్ము లాక్కున్నా, అన్నం, మందు అందించకుండా వదిలేసినా అది వేధింపే. ప్రపంచం మొత్తం మీద 60 ఏళ్లు దాటినవారిలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాది కాలంలో ఇలాంటిది ఏదో ఒకటి అనుభవిస్తున్నారని ఆ సంస్థ చెబుతోంది. మన దేశంలో 2017–18లో జరిగిన పెద్ద సర్వేలో మాత్రం తమకు వేధింపు ఎదురైందని చెప్పిన వృద్ధులు సుమారు 5 శాతమే. ఈ తేడా చూసి మన కుటుంబ వ్యవస్థ గొప్పదని సంబరపడేవారూ ఉన్నారు. మేము అలా సంబరపడలేకపోతున్నాం. ఇరవై నాలుగు సంఘటనల్లో ఒక్కటి మాత్రమే బయటికి వస్తుందని అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. కొడుకు పక్కగదిలో ఉండగా, కోడలు టీ తెచ్చి ఇస్తుండగా, సర్వే చేయడానికి వచ్చిన మనిషితో ఏ తల్లి నోరు విప్పుతుంది?

మన ప్రాంతానికి కొన్ని ప్రత్యేకమైన పరిస్థితులున్నాయి. ఈ ప్రాంతం నుంచి గల్ఫ్‌కు వలస పోవడం దశాబ్దాల నాటి మాట. కొడుకు అక్కడ ఎండలో కాలిపోతూ డబ్బు పంపుతాడు. ఆ డబ్బు కోడలి ఖాతాలో పడుతుంది, ముసలివాళ్ల మందులు ఆమె దయ మీద ఆధారపడతాయి. ఆ కోడలి బాధ కూడా చిన్నది కాదు. భర్త లేని ఇంట్లో పిల్లలను, మంచాన పడ్డ అత్తను, అప్పులవాళ్లను ఆమె ఒక్కతే మోయాలి. విసుగు, అలసట ఒకనాటికి కసురుగా, కసురు నిర్లక్ష్యంగా మారడం తెలియనిది కాదు. సినిమాలు, సీరియళ్లు కోడలిని గయ్యాళిగా చూపి చూపి మన కళ్లు కట్టేశాయి గానీ, 2018లో హెల్పేజ్ ఇండియా జరిపిన సర్వేలో బాధపెట్టేవారెవరని అడిగితే వృద్ధులు ముందు చెప్పింది కొడుకులనే. కోడళ్లు ఆ తరువాతే.

రెండోది బీడీ. ఈ పట్టణంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ వేలమంది స్త్రీలు యవ్వనమంతా చాట ఒళ్లో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి పిల్లలను పెంచారు. వేళ్లు వంకర పోయేదాకా, కళ్లు మసకబారేదాకా చేసిన పని అది. వయసు మీద పడ్డాక వారికి మిగిలేవి బీడీ పీఎఫ్ పింఛను కొంత, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే పింఛను కొంత. 2014లో మొదలైన ఆసరా పింఛను 2019 జూన్‌లో 1,000 రూపాయల నుంచి 2,016 రూపాయలకు పెరిగినప్పుడు చాలామంది అవ్వలకు అది బతుకులో మొదటిసారి తమ పేరు మీద నెలనెలా వచ్చిన సొమ్ము. అదే సొమ్ము కొన్ని ఇళ్లలో గొడవకు మూలమైంది. వేలిముద్ర వేసేది అవ్వ, లెక్కపెట్టుకునేది మరొకరు.

మూడోది పట్టా. 2018లో వచ్చిన రైతు బీమా 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న రైతులకే వర్తిస్తుంది. "నీకు ఎట్లాగూ రాదు బాపూ, భూమి నా పేరు మీద చెయ్యి" అని అడగడానికి కొడుకులకు ఒక సాకు దొరికింది. మంచి మనసుతో అడిగినవారూ ఉన్నారు, అలా రాయించుకొని కడదాకా కళ్లలో పెట్టుకొని చూసుకున్నవారూ ఉన్నారు. చూసుకోని ఇళ్లలో మాత్రం ఆ వేలిముద్ర పడిన మరునాటి నుంచే మంచం వసారాలోకి, తరువాత పశువుల కొట్టంలోకి జరుగుతుంది.

ఇవన్నీ అనుభవిస్తూ ఆ పెద్దవాళ్లు ఎలా తట్టుకుంటున్నారు?

చాలామంది ముందుగా చేసేది కొడుకును సమర్థించడం. "మంచోడే, తాగినప్పుడే గట్లంటడు" అంటారు. తాగని రోజులు వారంలో ఎన్నో లెక్కపెట్టరు. కొందరు తప్పు తమ మీదే వేసుకుంటారు. పెంపకం సరిగా లేదనో, నా నోరు మంచిది కాదనో, నేను చేసుకున్న పాపమనో అనుకుంటే బాధకు ఒక కారణం దొరికినట్టుంటుంది, ఇల్లు కూలిపోకుండా ఉంటుంది. ఇంకొందరు కొడుకు ఇంటికి వచ్చే వేళకు పక్కింటికో, బిడ్డ ఇంటికో జరిగిపోతారు, పడుకునే వేళకు తిరిగి వస్తారు. పగలంతా చర్చి అరుగు మీద కూర్చునే పెద్దలను చూసి వీరికి ఎంత భక్తి అని మనం మెచ్చుకుంటాం. భక్తి నిజమే. ఇంట్లో కూర్చోవడానికి చోటు లేకపోవడమూ నిజమే కావచ్చు.

చేతనైన పని మానకపోవడం మరొక దారి. ఇక చాలు అని చెప్పినా కొందరు అవ్వలు రోజుకు వందో రెండు వందలో బీడీలు చుడుతూనే ఉంటారు. అది చాదస్తం అనుకుంటారు ఇంట్లోవాళ్లు. టీకి, బస్సు టికెట్‌కు, ఆదివారం కానుకకు ఒకరిని అడుక్కోకూడదన్న పట్టుదల అది. పైగా ఆ పని ఒంటరిగా చేసేది కాదు. నలుగురు ఒక అరుగు మీద చాటలు పెట్టుకొని కూర్చుంటే మాట మాట మీద వస్తుంది. మా అంచనాలో ఈ పట్టణంలో వృద్ధ స్త్రీల కన్నీళ్లు అన్నిటికంటే ఎక్కువ విన్నది ఆ అరుగులే. అక్కడ ఎవరూ వాక్యం చెప్పరు, ఎవరూ తీర్పు తీర్చరు, చేతులు ఆడుతూనే ఉంటాయి. మొగవాళ్లకు ఆ పాటి అరుగు కూడా లేదు. భార్య పోయిన తాత హోటల్ ముందు కూర్చొని రాజకీయాలు మాట్లాడతాడు గానీ, రాత్రి తినలేదని చెప్పడు.

చివరిగా ప్రార్థన. దెబ్బ తిన్న పెద్దవాళ్లలో ఎంతోమంది నిలబడగలిగింది దేవునితో మాట్లాడుకోవడం వల్లే. దాన్ని తక్కువ చేసే ఉద్దేశం మాకు లేదు. తెల్లవారుజామున లేచి గోడకు ఆనుకొని ఆ కొడుకు పేరే చెప్పి దేవునికి అప్పగించే తల్లి విశ్వాసం ముందు మన ప్రసంగాలు చిన్నవి. మా ఆందోళన ఆమె ప్రార్థన గురించి కాదు. ఆమె ప్రార్థన చేసుకుంటోంది కదా అని మనం నిశ్చింతగా ఇంటికి పోవడం గురించి.

వృద్ధాప్యంలో మోసపోయినవారి కథలు బైబిలు దాచలేదు. ఇస్సాకునే చూడండి (ఆదికాండము 27). కళ్లు కనబడవు. వంటింట్లో భార్య, చిన్నకొడుకు కలిసి పథకం వేశారు. మేకపిల్లల చర్మం చేతులకు చుట్టి, పెద్దకొడుకు బట్టలు తొడిగి, ఆయనకు ఇష్టమైన కూర వండి పెట్టి ఆశీర్వాదం రాయించుకున్నారు. గొంతు తేడాగా ఉందని ఇస్సాకుకు అనుమానం వచ్చింది, అడిగాడు, అబద్ధం చెప్పారు. అసలు ఏశావు వచ్చాక సంగతి తెలిసి ఆ ముసలాయన నిలువెల్లా వణికిపోయాడు. యాకోబు వంశం గొప్పదైనందుకు మనం ఆ మోసాన్ని దేవుని ప్రణాళిక అని చెప్పుకొని ముందుకు సాగిపోతాం గానీ, ఆ వణుకు దగ్గర కాసేపు ఆగం. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఏ కాగితం మీద వేలిముద్ర వేశాడో ఇంటికొచ్చాక తెలుసుకున్న తండ్రి వణుకు అలాంటిదే.

డెబ్బై ఒకటో కీర్తన ఇలాంటి ఒక పెద్దాయన పెట్టుకున్న మొర. బలం తగ్గిపోయిన వయసులో తనను వదిలేయవద్దని దేవుణ్ని వేడుకుంటాడు. అంతటితో ఆగడు. చుట్టూ ఉన్నవాళ్లు తన గురించి ఏమనుకుంటున్నారో, వీడికి దిక్కు లేదు, పట్టుకోండి అని ఎలా చెప్పుకుంటున్నారో అదంతా దేవుని ముందు పేరుపేరునా పెట్టాడు. ‘మంచిగనే ఉన్న’ అనలేదు. ఇంకొక సంగతి. అది ఒక్కడూ గదిలో గుసగుసలాడిన ప్రార్థన అయి ఉంటే మనదాకా వచ్చేది కాదు. దేవుని ప్రజలు కలిసి పాడుకునే గ్రంథంలో దానికి చోటిచ్చారు. ముసలివాడి ఫిర్యాదును సమాజమంతా నోరారా పలికేలా చేశారు. మన ఆరాధనల్లో ఆ చోటు ఎక్కడుందో వెతకాలి.

విసుగక ప్రార్థన చేయాలని నేర్పడానికి ప్రభువు చెప్పిన కథ కూడా గుర్తు చేసుకోవాలి (లూకా 18:1–8). ప్రార్థనకు ఆయన చూపించిన పోలిక ఒక విధవరాలు. ఆమె ఏం చేసింది? న్యాయాధిపతి దగ్గరకు పోయింది, మళ్లీ పోయింది, అతడు విసిగిపోయేదాకా పోయింది. ఆ న్యాయాధిపతి దేవునికి భయపడేవాడు కాదు, మనుషులను లెక్కచేసేవాడూ కాదు. అయినా ఆమె ఆ గడప తొక్కడం మానలేదు. ఆఫీసు మెట్లెక్కడం విశ్వాసానికి తక్కువ పని అయితే ప్రభువు ఆమెను ఆదర్శంగా చూపేవాడా?

అయితే క్షమించమని చెప్పాడు కదా, రెండో చెంప చూపమన్నాడు కదా అని అడిగేవారున్నారు. నిజమే, చెప్పాడు. అలా చెప్పిన ప్రభువునే ప్రధానయాజకుని ఎదుట ఒక బంట్రోతు కొట్టినప్పుడు ఆయన ఊరకుండలేదు. తాను తప్పు మాట్లాడి ఉంటే చూపమని, లేకపోతే ఎందుకు కొట్టావని అడిగాడు (యోహాను 18:23). కొట్టినవాణ్ని ద్వేషించలేదు, కొట్టింది తప్పు కాదని కూడా అనలేదు. పౌలును ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి, మరునాడు చడీచప్పుడు లేకుండా పంపేయాలని చూస్తే, అధికారులే వచ్చి తమను బయటికి తీసుకుపోవాలని పట్టుబట్టాడు (అపొ. కార్యములు 16:37). క్షమించడానికీ, ఇక మీదట దెబ్బ పడకుండా చూసుకోవడానికీ మధ్య వైరం లేదు. ఎనభై ఏళ్ల తల్లికి క్షమాపణ గురించి బోధించే ముందు, ఆమె దాన్ని మనకంటే ముందే, ప్రతి రాత్రీ చేస్తోందని తెలుసుకుంటే మంచిది. బోధ అవసరమైంది ఆమెకు కాదు.

మరి అవసరమైనవారికి బోధిస్తున్నామా? ఇక్కడ కొంచెం కటువుగానే మాట్లాడాలి. మార్కు ఏడో అధ్యాయంలో ప్రభువు కొర్బాను గురించి మండిపడ్డాడు. తల్లిదండ్రులకు ఇవ్వవలసినదాన్ని దేవునికి అర్పితమని ప్రకటించేసి చేతులు దులుపుకునే కొడుకులు ఆనాడు ఉండేవారు. ఆయన కోపం ఆ కొడుకుల మీద కంటే, దానికి శాస్త్రం చెప్పి ఒప్పుకున్న మతపెద్దల మీద ఎక్కువ. తల్లిదండ్రులను సన్మానించాలన్న ఆజ్ఞను అన్నం, ఆదరువు అన్న అర్థంలోనే ఆయన తీసుకున్నాడు. పాదాలకు దండం పెట్టడం అనే అర్థంలో కాదు. ఇప్పుడు మన సంఘాల వైపు చూద్దాం. గల్ఫ్ నుంచి దశమభాగం పంపినవాడి పేరు గోడ మీది రాతిపలకలో చెక్కిస్తాం. క్రిస్మస్ పందిరికి, మైకు సెట్టుకు చందా ఇచ్చినవాణ్ని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతాం. అతని తల్లి ఆ పందిట్లోనే చివరి వరుసలో చిరిగిన చీర కప్పుకొని కూర్చొని ఉంటుంది. మందులు కొన్నావా నాయనా అని అతన్ని అడిగే ధైర్యం మనకు రాదు. చందా పోతుందని భయం. కొర్బాను అంటే ఇదే. అది పరిసయ్యుల కాలంతో పోలేదు.

చట్టం గురించి తెలియక భయపడేవారు చాలామంది. "నేను కన్న కొడుకును నేనే జైలుకు పంపాల్నా?" అన్నది ప్రతి తల్లి మొదటి ప్రశ్న. 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం మొదటి అడుగులోనే జైలుకు పంపే చట్టం కాదు. ఆర్డీవో స్థాయి అధికారి ఆధ్వర్యంలో ట్రిబ్యునల్ ఉంటుంది. తెల్లకాగితం మీద దరఖాస్తు ఇస్తే నోటీసు పంపి ఇరువురినీ పిలుస్తారు. ముందుగా రాజీ కుదర్చడానికి ఒక అధికారికి అప్పగించే వీలూ ఉంది. కుదరకపోతే నెలనెలా ఇంత ఇవ్వాలని ఆదేశిస్తారు. చట్టంలో ఆ మొత్తం గరిష్ఠంగా 10,000 రూపాయలు. నోటీసు అందినప్పటి నుంచి 90 రోజుల్లో తేల్చాలన్నది నియమం, తప్పనిసరైతే మరో 30 రోజులు. వకీలు అక్కర్లేదు. పెద్దవాళ్లు స్వయంగా రాలేకపోతే వారు ఒప్పుకున్న మరొకరు గానీ, ఒక సంస్థ గానీ వారి తరఫున దరఖాస్తు ఇవ్వవచ్చు. సంతానం లేనివారు తమ ఆస్తి దక్కే బంధువుల నుంచి పోషణ అడగవచ్చు. పెద్దవారిని ఎక్కడో వదిలేసి పోతే మాత్రం మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ ఉన్నాయి.

ఆస్తి రాసిచ్చినవారికి ఆ చట్టంలో 23వ సెక్షన్ ముఖ్యం. చూసుకుంటామన్న షరతు మీద రాయించుకొని చూసుకోకపోతే ఆ దస్తావేజును రద్దు చేయించవచ్చు. 2025 జనవరి 2న సుప్రీంకోర్టు ఊర్మిళా దీక్షిత్ కేసులో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కొడుక్కి ఇచ్చిన గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేసి, ఇల్లు తిరిగి ఆమెకు అప్పగించాలని చెప్పింది. ఆ తల్లికి కొడుకు నుంచి చూసుకుంటానన్న హామీ కాగితం ఉంది. అంతకుముందు 2022లో మరో కేసులో, అలాంటి షరతు ఉందని చూపలేకపోతే ఈ సెక్షన్ వర్తించదని అదే కోర్టు తేల్చింది. కనుక రాసివ్వక తప్పదనుకునేవారు కడదాకా పోషించాలన్న మాటను దస్తావేజులోనే రాయించాలి. కొడుకు మంచివాడైతే ఆ వాక్యం వల్ల అతనికి నష్టమేమీ లేదు. రాయొద్దని అలిగితే అప్పుడే ఆలోచించుకోవచ్చు.

వృద్ధుల కోసం 14567 అనే ఉచిత ఫోను నంబరు కూడా ఉంది. ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. ఆ ఐదు అంకెలు చర్చి బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించడానికి ఒక డబ్బా రంగు చాలు.

కాపరులకు, స్త్రీల సమాజం సోదరీమణులకు ఒక మనవి. పెద్దవాళ్లను అడిగేటప్పుడు ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి. ఇంటి ప్రార్థనకు వెళ్లి అందరి ముందు "అమ్మను బాగా చూస్తున్నారా?" అంటే ఏం జవాబు వస్తుంది? ఒక్కసారి అడిగి ఊరుకోకండి, మూడోసారికో నాలుగోసారికో నోరు తెరుస్తారు. చెప్పిన వెంటనే కొడుకును పట్టుకొని నిలదీయకండి, మీరు అటు వెళ్లాక ఆ కోపం తీరేది ఆమె మీదే. ఆదివారం ప్రసంగంలో పేరు చెప్పకుండా సూచించినా ఊరంతా పోల్చుకుంటుంది. ఏం చేయాలో నిర్ణయించేది ఆమె. కొందరికి ఎవరైనా ఒకరు విన్నారన్నదే చాలు. కొందరికి కొడుక్కి అన్న వరసో మేనమామ వరసో అయినవారు ఒకసారి మాట్లాడితే చాలు. కొందరికి ఆర్డీవో కార్యాలయందాకా తోడు వచ్చే మనిషి కావాలి. ఆధార్ కార్డు, పాసుబుక్కు నకలు, దస్తావేజు ఉంటే దాని నకలు ఒక సంచిలో పెట్టి, ఆటో మాట్లాడి, దరఖాస్తు రాసిపెట్టి, పక్కన కూర్చునే మనిషి. సంఘంలో చదువుకున్న యువతీయువకులకు ఇది కష్టమైన పని కాదు.

మొదటి ప్రశ్నకు చట్టంలో జవాబుంది. రెండో ప్రశ్నకు లేదు. "కాయిదం ఇచ్చినంక ఆ రాత్రి నేనెక్కడ పండాలె?" ఎంతోమంది తల్లులు నోరు విప్పకపోవడానికి అసలు కారణం ఈ ప్రశ్నే. తొంభై రోజులు చట్టానికి తక్కువ గడువే కావచ్చు. ఆమె తిరిగి అదే గడప తొక్కవలసి వస్తే ఒక్క రాత్రి కూడా ఎక్కువే. చాలా చర్చిల ఆవరణల్లో ఒక గది ఉంటుంది. క్రిస్మస్ నక్షత్రాలు, పాత మైకు పెట్టెలు, విరిగిన కుర్చీలు అందులో పడి ఉంటాయి. ఒక మంచం, ఒక ఫ్యాను, లోపలి నుంచి వేసుకునే గడియ ఉంటే అది కొన్నాళ్లు ఒక అవ్వకు చాలుతుంది. ఆ గది తాళంచెవి ఎవరి దగ్గరుందో సంఘపెద్దలు ఈ ఆదివారమే అడిగి తెలుసుకోవచ్చు.